గుద్దమన్న మాట

ఒమన్ తీరాన దుక్మ్‌లో గాలి ఒక్క నిమిషం ఊరుకోదు. రేకులో, తాళ్ళో, కిటికీ రెక్కలో, ఏదో ఒకటి కొట్టుకుంటూనే ఉంటుంది. నాదీ ఆ తీరే. కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. మా వార్డులో ముగ్గురు నర్సుల నడక నేనొక్కదాన్నే నడుస్తానని పేరు. మొన్న అలా తిరుగుతూ, పక్కటెముక చిట్లి చేరిన ఒక మేస్త్రి మంచం దగ్గర ఆగాను. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి. నవ్వొద్దని డాక్టరు చెప్పినా వినడు. ఫోన్ చూసి నవ్వుతున్నాడు, నవ్వినప్పుడల్లా అబ్బా అని పక్క పట్టుకుంటున్నాడు.

"గిది సూడుండ్రి సిస్టర్. ఇంగ్లండుల ఇదొక ఆటనంట. కార్లు గుండ్రంగ తిరుక్కుంట ఒకదాన్నొకటి గుద్దుకునుడే. గుద్దినోనికి చప్పట్లు కొడుతున్రు. మన దిక్కయితే గుద్దినోన్ని బయటికి గుంజి తంతరు."

చూశాను. చిన్న గుండ్రటి ట్రాకు. ముందూ వెనకా ఇనప దూలాలు బిగించిన కార్లు. టాపుల మీద తలా ఒక రంగు, తెలుపు, పసుపు, నీలం, ఎరుపు. ఒక్కదానికి మాత్రం బంగారు రంగు.

"తెల్ల టాపు కొత్తవాళ్ళకి. ఎర్ర టాపు ఆరితేరినవాళ్ళకి. బంగారుది పోయినసారి పెద్ద రేసు గెలిచినవాడిది," అన్నాను.

"మీకెట్ల ఎరుక?"

"మా నాన్న ఈ ఆట ఆడాడు. ఒమన్‌లోనే."

ఆయన నా మొహం చూసి పకపకా నవ్వి, పక్క పట్టుకున్నాడు. నేను జోక్ వేశాననుకున్నాడు. సర్దిచెప్పే తీరిక లేక పక్క మంచానికి వెళ్ళిపోయాను. కానీ అప్పట్నుంచీ ఆ వేసవి నన్ను వదలడం లేదు.

మేమప్పుడు ఒమన్ ఉత్తర కొసన ఉన్న షినాస్‌లో ఉండేవాళ్ళం. మాది గోదావరి లంకల వైపు. అమ్మ నర్సుగా ముందొచ్చింది, తర్వాత నన్ను తెచ్చుకుంది. నాన్న ఊళ్ళో బస్సు తోలుకుంటూ ఉండిపోయాడు. మూడేళ్ళు నాన్నంటే నాకు సెలవుల్లో కనిపించే మనిషి. చివరికి అమ్మ వీసా కాగితాలు సాధించింది, నాన్న ఉద్యోగం మానేసి వచ్చాడు. నాకు పన్నెండేళ్ళు. ఆయన వచ్చిన రోజు నేను ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అమ్మ డ్యూటీకి పోతే నాన్న వంట చేసేవాడు. సముద్రం పక్కనే కాబట్టి చేపలకి కరువు లేదు. చింతపండు అయిపోయిన రోజు పక్కింటి ఒమానీ అవ్వ ఇచ్చిన ఎండు నిమ్మకాయలు పులుసులో వేసేవాడు. నల్లగా, చేదుగా, మందు వాసన. "ఇది కూరా, కషాయమా?" అనేది అమ్మ. అయినా గిన్నె ఖాళీ అయ్యేది. సాయంత్రం ఆ అవ్వ వేసే సాంబ్రాణి పొగ, బయట ఎండేసిన చేపల వాసన, మా ఇంటి తాలింపు, మూడూ కలిసి మా వరండాలోకి వచ్చేవి. ఆ మూడూ కలిసిన వాసన మళ్ళీ నాకు ఎక్కడా తగల్లేదు.

శుక్రవారం సెలవు కాబట్టి మా తెలుగువాళ్ళ ఆరాధన కూడా శుక్రవారమే. ఒకరింటి హాల్లో చాపలేసుకుని ప్రార్థన, తర్వాత కోడి పలావు. పలావు దగ్గర మగాళ్ళ మాటలు మొదలయ్యేవి. "బ్రదర్, ఇంకా డ్యూటీ ఏం తగల్లేదా? పోన్లెండి, మీకేంటి లోటు, సిస్టర్ గారి జీతం ఉందిగా," అనేవాడు సంఘ పెద్ద. నాన్న అందరితోపాటు నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం గిన్నెలు అరిగిపోయేలా తోమేవాడు.

ఉద్యోగం లేక కాదు. మా స్కూలు వ్యాన్లు నడిపే మలయాళీ ఆయన లైసెన్సు తెచ్చిన రోజే ఎక్కించుకుంటానన్నాడు. లైసెన్సే రావడం లేదు. పద్దెనిమిదేళ్ళు బస్సు తోలిన మా నాన్న డ్రైవింగ్ టెస్టులో మూడుసార్లు ఫెయిలయ్యాడు!

కారణం హారన్. ఊళ్ళో హారన్ కొట్టి సైడ్ అడగడం మర్యాద, కొట్టకుండా దూరడం పొగరు. ఇక్కడ ఊరికే హారన్ కొడితే తిట్టినట్టు. మొదటిసారి నాన్న ముందు పోతున్న పోలీసు జీపుకే హారన్ కొట్టి సైడ్ అడిగాడు. పక్కన కూర్చున్న పోలీసాయన నోరు తెరిచి చూశాడట. మూడోసారి రోడ్డు దాటుతున్న ఒంటెకి కొట్టాడు. మధ్యలో రెండోసారి రౌండబౌట్. ఇక్కడ బండి కుడిపక్క పోవాలి, రౌండబౌట్ మనకి తిరగేసి తిరగాలి. పైగా గేరు కుడిచేతి వైపు. నాన్న ఎడం చెయ్యి గేరు కోసం తలుపుని వెతికేది.

మూడో ఫెయిల్ కాగితం బల్ల మీద పెట్టి అన్నాడు, "ఇంకొక్కసారే. అదీ పోతే నేనూరెళ్ళిపోతా. పెళ్ళాం జీతం తిని పడుకోటానికి కాదు నేనొచ్చింది."

అమ్మ ఆ కాగితం తీసి దాచింది. ఆయన అన్న మాట మీద నిలబడే రకమని మా ఇద్దరికీ తెలుసు. మూడేళ్ళు ఎదురుచూస్తే ఎనిమిది నెలలకి వెళ్ళిపోతానంటాడేమిటి?

ఆ రోజుల్లోనే అమ్మ హాస్పిటల్లో ఒక బ్రిటిష్ ఆయన చేతికి కుట్లు వేసింది. కొండ పక్క రాళ్ళు తీసే కంపెనీలో వర్క్‌షాపు పెద్ద. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎర్రటి మెడ, గోళ్ళ కింద ఎప్పుడూ గ్రీజు. కుట్లు విప్పాక బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న వంటింట్లోంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మీవారేం చేస్తారని ఆయన అడిగితే అమ్మ తడుముకుంది. "డ్రైవర్!" అన్నాను నేను గట్టిగా.

ఆయన కళ్ళు వెలిగాయి. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నా ఒక్కదానితో, శుక్రవారం మధ్యాహ్నం కొండ పక్క కార్ల పందెం ఉంది, మీ నాన్నని తీసుకురా అన్నాడు. ఆ బిస్కెట్ల డబ్బాని లోపలికి రానిచ్చినందుకు అమ్మ తర్వాత ఎన్నిసార్లు నెత్తి కొట్టుకుందో.

నాన్నకి ఇంగ్లీషు రాదు, దొరకి తెలుగు రాదు. మధ్యలో నేను. అలా నేను మా నాన్న నోరునయ్యాను, చెవినీ అయ్యాను. అమ్మకి చేపల కోసం రేవుకి పోతున్నామని చెప్పి, ఆరాధనలో ఆఖరి పాట అవకముందే జారుకునేవాళ్ళం.

ఊరి బయట గ్యారేజీలుండే చోటుని అందరూ సనయ్య అంటారు. అది దాటి కొండ వైపు పోతే గులకరాళ్ళ మైదానం. ఇసుక నింపిన డ్రమ్ములు, పాత టైర్లు గుండ్రంగా పేర్చి, వెనక ఇనప తాడు కట్టారు. ఒక డ్రమ్మెక్కి నిలబడితే ట్రాకంతా కనిపించేది. కార్లు తుక్కు కింద రాసేసినవి. అద్దాలు తీసేసి, తలుపులు వెల్డింగ్ చేసి, ముందు దూలం బిగించారు. దొరవాళ్ళ దేశంవాళ్ళు నలుగురైదుగురు, ఇద్దరు ఒమానీ అన్నదమ్ములు, ఒక బలూచీ వెల్డర్, ఇంతే ఆటగాళ్ళు. కాలిన రబ్బరు వాసన, ఇనప పెనం మీద దొర వేయించే ఉల్లిపాయల వాసన. నేను ఆవకాయ సీసా తీసుకెళ్ళి, దొరల్లో ఒక పొడుగు సర్వేయర్‌కి జామ్ అని చెప్పి రొట్టె మీద రాసిచ్చాను. ఆయన నీళ్ళ డబ్బా దగ్గరికి పరిగెత్తాడు. మరుసటి వారం తనే అడిగి పెట్టించుకున్నాడు.

దొర కుర్రతనంలో వాళ్ళ దేశంలో ప్రతి శనివారం ఈ రేసులు ఆడేవాడట. అక్కడ ఆడేవాళ్ళు పెద్ద పేరున్న డ్రైవర్లు కారట. లారీలు తోలేవాళ్ళు, పాత ఇనుము కొనేవాళ్ళు, పొలం చేసుకునేవాళ్ళు. వారమంతా బండి బాగుచేసుకోవడం, శనివారం దాన్ని గుద్దించుకోవడం, సోమవారం వాచిన మొహంతో పనికి పోవడం. లారీలు తోలేవాళ్ళు అని నేను చెప్పగానే నాన్న సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. తెల్ల టాపులు ముందు, ఎర్ర టాపులు అందరికన్నా వెనక నిలబడాలంటే మాత్రం ఆశ్చర్యపోయాడు. "పనొచ్చినోడిని వెనక నిలబెడతారా? బాగానే ఉంది. నెగ్గుకొచ్చినోడిదే పని," అన్నాడు.

నాన్నకి తెల్ల టాపు కారిచ్చారు. మొదటి రేసు గుర్తొస్తే ఇప్పుడు కూడా నవ్వాగదు. ఆ కారుకి హారన్ లేదు. నాన్న కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపుతూ సైడ్ అడిగాడు. వెనకొచ్చేవాళ్ళకి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. బలూచీ వెల్డర్ బండికి తన దూలం తగిలేసరికి మధ్యలో ఆపేసి, అద్దం లేని కిటికీలోంచి పాక్కుంటూ దిగి, సొట్ట తడిమి చూసి దణ్ణం పెట్టాడు. మిగతా బండ్లు చుట్టూ తిరుగుతున్నాయి. డ్రమ్ముల మీద ఉన్నవాళ్ళు నవ్వలేక కింద కూలబడ్డారు.

దొర నవ్వలేదు. నన్ను పిలిచి అన్నాడు, "మీ నాన్నకి చెప్పు. ఇక్కడ గుద్దడం తప్పు కాదు. దారి కావాలంటే దూలంతో అడగాలి. గుద్దకుండా వదిలేస్తే, నీతో నాకు పోటీ ఏమిట్లే అన్నట్టు. అదీ ఇక్కడ అవమానం."

చెప్పాను. నాన్న చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "పద్దెనిమిదేళ్ళు ఒక్క గీత పడనివ్వలేదే బండికి," అన్నాడు. ఆ రోజంతా మళ్ళీ ఎక్కలేదు.

తర్వాతి వారం ఎక్కాడు. మూడో వారానికి మొదటిసారి కావాలని గుద్దాడు, గుద్ది "సారీ సార్!" అని అరిచాడు. ఐదో వారానికి సారీ పోయింది. ఆ ట్రాకు తిరిగేది కూడా రౌండబౌట్ తిరిగే వైపే. చేతులు ఆ తిరుగుడుకి అలవాటు పడ్డాయి, హారన్ మీదికి పోయే బొటనవేలు ఆ దారి మర్చిపోయింది. దొర ఆయన్ని డ్రైవర్ అని పిలిచేవాడు. పేరుతో ఎప్పుడూ పిలవలేదు. ఇక్కడికొచ్చాక నాన్నని ఆ మాటతో పిలిచింది ఆయనొక్కడే. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాన్న మొహం చూడాలి. పసుపు రంగు డబ్బా తెచ్చి టాపుకి పూసిన రోజు ఇద్దరూ ఒకరి భుజం ఒకరు కొట్టుకున్నారు. ఆ కాసేపు మధ్యలో నాతో పని లేకపోయింది.

అమ్మకి ఎలా తెలిసిందంటే, నాన్న స్నానం చేసి బనియన్ లేకుండా బయటికొచ్చాడు. భుజం నుంచి పొట్ట దాకా ఏటవాలుగా నల్లటి కమిలిన గీత. అమ్మ రోజూ యాక్సిడెంటు కేసులు చూసే మనిషి.

"ఏమండీ, రేవులో చేపలు సీటు బెల్టు పెట్టుకుంటున్నాయా?" అంది.

నాన్న నేల చూశాడు, నేను నాన్నని చూశాను. అమ్మ అరవలేదు. ఆయన నమాజు పిలుపు వినబడుతున్న వరండాలోకి పోయి కూర్చున్నాక నన్ను వంటింట్లోకి లాగింది. "శనివారం టెస్టు. శుక్రవారం ఆయన ఆగడు, నాకు తెలుసు. ఆయన నోరు నువ్వే కదా? ఏం చెబుతావో, ఎలా చెబుతావో, చెయ్యీ కాలూ విరక్కుండా ఇంటికి తీసుకురా. ఏదైనా అయిందో, టెస్టు లేదు, లైసెన్సు లేదు. విమానమెక్కేస్తాడు. మళ్ళీ నువ్వూ నేనే."

ఆ శుక్రవారం దొరకి ఆఖరిది. కంపెనీ పని అయిపోయింది, ఖలాస్. సోమవారం శాశ్వతంగా వాళ్ళ దేశం పోతున్నాడు. గెలిచినవాళ్ళ టాపుకి పూయడానికని బంగారు రంగు డబ్బా ఒకటి కొని డ్రమ్ము మీద పెట్టాడు. బండి ఎక్కేముందు నన్ను పిలిచి వంగి, వేలు చూపించి మరీ చెప్పాడు.

"మీ నాన్నకి చెప్పు. ఆఖరి మలుపులో నేను ముందుండి తను వెనకుంటే, నన్ను గుద్దాలి. గట్టిగా గుద్దాలి. ముసలాడు, వెళ్ళిపోతున్నాడు అని జాలిపడొద్దు. జాలిపడితే జన్మలో క్షమించను."

అన్నీ అర్థమయ్యాయి. ఒక్క మాటా తప్పిపోలేదు. నాన్న హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, "ఏమంటున్నారు గురువుగారు?" అన్నాడు.

"నడుం నొప్పిగా ఉందంట నాన్నా. ఆఖర్లో కాస్త చూసి పొమ్మంటున్నారు."

"అయ్యో, అది అడగాలా నన్ను!" అని దొర వైపు చూసి తల ఊపాడు. దొర కూడా తల ఊపాడు. ఇద్దరికీ మాట కుదిరిందనుకున్నారు.

రేసు మొదలైంది. నేను డ్రమ్మెక్కి నిలబడ్డాను, నిలబడలేక దిగాను, మళ్ళీ ఎక్కాను. నాన్న పొడుగు సర్వేయర్‌ని తోసేశాడు, ఒమానీ అన్నదమ్ముల్లో పెద్దవాణ్ణి టైర్లలోకి తోసేశాడు. వెనక నుంచి బయల్దేరిన దొర అందర్నీ దాటుకుని ముందుకెళ్ళాడు. ఆఖరి చుట్టులో మిగిలింది వాళ్ళిద్దరే. ఆఖరి మలుపు దగ్గర దొర బండి కొంచెం బయటికి జారింది. నాన్న దూలం సరిగ్గా దాని వెనక మూలకి ఎదురుగా ఉంది. చిన్నపిల్ల తోసినా ఆ బండి తిరిగిపోయేది. అప్పుడు నాన్న కాలు తీశాడు. ఇంజన్ చప్పుడు తగ్గడం నాకు విన్పించింది. డ్రమ్ముల మీద ఉన్న అందరికీ విన్పించింది.

దొర గెలిచాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన దిగి, హెల్మెట్ నేలకేసి కొట్టి, నాన్న దగ్గరికొచ్చి ఒక్క మాటే అన్నాడు. "నువ్వు డ్రైవర్‌వి అనుకున్నాను."

"ఏమంటున్నాడే?" అన్నాడు నాన్న.

"థాంక్స్ అంటున్నాడు."

నాన్న నిండుగా నవ్వి చెయ్యి చాచాడు. దొర ఆ చెయ్యి చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. రంగు డబ్బా మూత కూడా తీయలేదు. "పాపం, అలిసిపోయినట్టున్నాడు," అన్నాడు నాన్న, చాచిన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ. ఆదివారం దొర గదికి పోయి కలిసొద్దామన్నాడు. పోయాం. గది తాళం వేసి ఉంది.

అంతకుముందు రోజే, శనివారం, నాన్న టెస్టు పాసయ్యాడు. రెండు రౌండబౌట్లు, ఒక ఒంటె. చెయ్యి హారన్ మీదికి పోలేదట. పోలీసాయన "మబ్రూక్" అని అభినందించి చెయ్యి కలిపాడట. అమ్మ హల్వా డబ్బా తెచ్చి క్వార్టర్స్ అంతా పంచింది. సంఘ పెద్ద సాక్ష్యం చెప్పించి పాట పాడించాడు. నాకు కావలసింది దొరికింది. నాన్న నా దగ్గరే ఉండిపోయాడు, నా స్కూలు వ్యాను ఆయనే తోలాడు, నేను ముందు సీటులో కూర్చునేదాన్ని. ఆనందంగా ఉండాలి కదా? ఉన్నాను కూడా. అయినా పక్కన కూర్చుని ఆయన ఆ రోజు ముచ్చట ఎత్తితే కిటికీ వైపు తిరిగేదాన్ని. "గురువుగారి ఆఖరి రేసు మనం పాడుచెయ్యలేదు," అని మురిసిపోయేవాడు. అదే మాట పదేళ్ళు చెప్పాడు.

నాకు నర్సు ఉద్యోగం వచ్చి, మొదటి రోజు ఆయనే హాస్పిటల్ దగ్గర దించుతుంటే, ఇక భరించలేక చెప్పేశాను. దొర ఏమన్నాడో, నేనేం చెప్పానో, రెండుసార్లూ. నాన్న బండి పక్కకి తీసి ఆపాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మరి ఆయన నా గురించి ఏమనుకుని వెళ్ళిపోయుంటాడే?" అన్నాడు.

వెతుకుదామన్నాను. ఎక్కడని వెతకడం? ఆ కంపెనీ లేదు, ఆ ట్రాకు మీద గోడౌన్లు లేచాయి. దొర ఇంటిపేరు నాకు గుర్తులేదు, నాన్నకి అసలు తెలియదు. ఒకరినొకరు డ్రైవర్, గురువుగారు అని పిలుచుకున్నవాళ్ళు. నాన్న ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నా మీద ప్రేమేం తగ్గలేదు. నేను ఏ ఇంగ్లీషు కాగితం చదివి చెప్పినా మాత్రం, ఇంకోసారి చదవమనేవాడు.

ఆయనకి అరవై నిండిన ఏడు వీసా రెన్యువల్‌కి మెడికల్ చేశారు. రిపోర్టు నేనే తెచ్చాను. కుర్చీలో కూర్చోలేక నిలబడే చదివాను. షుగరు కొంచెం ఉంది, బీపీ ఫరవాలేదు, నడవమన్నారు అని చెప్పి కాగితం మడిచాను.

నాన్న నా చేతిలో కాగితం వైపు చూశాడు. "అంతేనా రాసింది?" అన్నాడు.

కాగితం విప్పాను. మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఈసారి ఇందాక దాటేసిన కళ్ళ సంగతి కూడా చదివాను, ఇక బండి నడపకూడదన్న ఆఖరి వాక్యంతో సహా.

"ఆఁ," అన్నాడు నాన్న. "ఇప్పుడు సరిగ్గా చెప్పావు."